వెండి మొలతాడు

మంగళవారం, భవానీపురం

ఇవాళ క్లినిక్‌లో అబద్ధమాడాను. అదీ ఆ పెద్దాయన ముందే.

నడుము నొప్పని ఇబ్రహీంపట్నం నుంచి వచ్చారాయన. మైక్రోవేవ్ మెషీన్‌తో వేడి పెట్టమన్నారు డాక్టరు గారు. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలుతుంది కాబట్టి వాచీ, ఉంగరం తీయించాను. మొలతాడు సంగతి అడగడానికి మాత్రం సిగ్గేసింది. మా నాన్న వయసాయన. దారమే అయ్యుంటుందిలే అనుకున్నాను.

తీరా చూస్తే వెండిది. నడుము మీద ఎర్రగా వాత తేలింది. "చురుక్కుమన్నప్పుడే చెప్పాలి కదండీ!" అని ఆయన మీదే అరిచాను.

"వేడి బాగా పడితేనే నొప్పి పోతుందేమోనని ఓర్చుకున్నానమ్మా."

అరుపు విని డాక్టరు గారొచ్చారు. "మొలతాడు అడిగావా?"

"అడిగానండీ, లేదన్నారు."

నోట్లోంచి అలా వచ్చేసింది. పెద్దాయన నా వంక ఒక్క క్షణం చూశారు.

"అవునండీ, అమ్మాయి అడిగింది. నేనే మర్చిపోయా."

మందు రాస్తున్నంతసేపూ నేను తలెత్తలేదు. క్షమించమని ఒక్క మాట అనలేకపోయాను. ఆయనే వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మెల్లగా అన్నారు:

"గురువారం నల్లదారం కట్టుకొస్తాలేమ్మా. నువ్వు అడగక్కర్లేదు."