ముట్టడి దాటిన పిండి

నాప్లియో రేవు,
జూన్ నెల.

అమ్మా,

నీ కుడిచేతిని ముద్దాడి రాస్తున్నాను. ఇక్కడ నేనూ నా ఓడా కులాసా. హైడ్రా దీవిలో నువ్వూ, చెల్లీ, ఆ పొగరుబోతు మేకా కులాసాగా ఉన్నారనే తలుస్తున్నాను.

నువ్వు పంపిన ఎండు అత్తిపళ్లు అందాయి. సగం మా సరంగు మనోలిస్ మింగేశాడు. "మీ అమ్మగారికి మళ్లీ పెళ్లి ఆలోచనేమైనా ఉందా కెప్టెన్?" అని కూడా అడిగాడు. నా మోకాలి నొప్పి తగ్గింది.

నన్ను ఏడు ఓడలకు దళపతిని చేశారట, నిజమేనా అని ఊరంతా అడుగుతోందని రాశావు. నిజమే. పన్నెండేళ్లకు తాళ్లు చుట్టడానికి ఓడెక్కినవాణ్ణి నలభై రెండేళ్లకు అంతవాణ్ణయ్యాను. తుర్కులతో పోరాడినప్పుడు దక్కని పదవి, గ్రీకులం మనలో మనం కొట్టుకుంటుంటే దక్కింది. సిగ్గుపడ్డాను, మురిసిపోయాను కూడా.

నాకు అప్పగించిన పని ఇక్కడి కోటలోకి గింజ పోకుండా చూడటం. అప్పుడు లోపల ఎదుటి పక్షం వాళ్లతో మన తనాసిస్ కూడా ఉన్నాడు. వాడి కూతురు మరిగోకు బాప్తిస్మంలో జ్ఞానతండ్రిని నేనే కదా! ఏటా పాస్కా పండుగకు ఆ పిల్లకు కొవ్వొత్తీ కొత్త జోళ్లూ పంపాలి. యుద్ధమొచ్చిందని మానేస్తే నువ్వే నన్ను గుమ్మం తొక్కనివ్వవు.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాకటి నుంచి నానుస్తున్నాను, తిట్టకు. పండుగ ముందురోజు పొద్దున ఒక ముసలి జాలరికి ఆ కొవ్వొత్తీ జోళ్లూ ఇచ్చి, పడవకు తెల్లగుడ్డ కట్టించి కోటకు పంపబోయాను. పడవ అడుగున ఏదో కప్పి ఉంది.

"ఏమిటది తాతా?"

"వల బాబూ."

"వలలోంచి పిండి రాలుతోందేం?"

"ఈ ఏడాది వలలు అలాగే నేశారు."

మనోలిస్ ఆకాశం వంక చూస్తూ ఈల వేశాడు. నేను పొమ్మన్నాను.

మూడోనాటికి పెద్ద దళపతి పిలిపించాడు. కోట మీద ఫిరంగులు పేల్చే ఆజ్ఞ ఆయన బల్ల మీదే ఉంది. "వలే అనుకున్నానని ఒక్క మాట అను లాజరోస్, ఇక్కడితో వదిలేస్తా" అన్నాడు. మంచివాడే. "పిండి అని తెలిసే పంపానండీ" అన్నాను. పదవి పోయింది. నా ఓడ మీది ఫిరంగులు దింపించి నీళ్ల పీపాలు ఎక్కించారు. నీకు రాయడానికి ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు. నువ్వు పదిమందికీ చెప్పుకుని ఉంటావు కదా.

మొన్న రాజీ కుదిరి కోట తలుపులు తెరిచారు. తనాసిస్ చిక్కి శల్యమయ్యాడు. నన్ను వాటేసుకుని, "ఆ పిండి తొమ్మిది రోజులొచ్చిందిరా" అన్నాడు. మరిగో మాత్రం దగ్గరికి రాలేదు. తండ్రి కాళ్ల వెనక నుంచే అడిగింది: "మా మీద పేల్చిన ఓడల్లో నీది ఏది?"

"ఏదీ కాదు తల్లీ. నాది నీళ్ల ఓడ."

అప్పుడొచ్చి చంకెక్కింది. అమ్మా, ఆ మాట అబద్ధమాడకుండా చెప్పగలిగాను. ఊళ్లో అడిగినవాళ్లకు నా పదవి పోయిందని నువ్వే చెప్పు, తల దించుకోకుండా చెప్పు.

ఇట్లు,
నీళ్లు మోసే నీ పెద్దకొడుకు
లాజరోస్