బియ్యం ఎగిరే కేక

అత్తా,

పులుసు పొయ్యి మీద ఉంది. ఎండురొయ్యల డబ్బా కోసం వెతకొద్దు. రొయ్యల్ని గిన్నెలో పోసి, డబ్బాని నిన్న నేనే అంగన్‌వాడీకి పట్టుకెళ్లాను. దాని మూతికి బెలూను సాగదీసి కట్టి, పైన బియ్యం చల్లి, పిల్లల్ని దగ్గరగా అరవమన్నాను. అరిచినప్పుడల్లా గింజలు గెంతాయి. చేరిన నాటి నుంచీ నోరు విప్పని ధనూష కూడా అరిచి, “బియ్యం ఎగరతా ఉండాయి టీచరమ్మా!” అని చప్పట్లు కొట్టింది.

చేపల గంప దించి, అన్నం తిని, పదకొండుకల్లా అక్కడికి రండి. మీరు వీధిలో వేసే కేక ఒక్కటి వేయాలి. ఇంట్లో మెల్లగా మాట్లాడమని రోజూ విసుక్కునేది నేనే. ఇవాళ మాత్రం గొంతు తగ్గించకండి.

రమణి

మిమ్మల్ని పిలవమన్నది ధనూషే. “చేపలవ్వ కేకేస్తే బియ్యం ఫ్యాను దాకా పోతాయి” అని అందరితో పందెం కాసింది.