ఒక్కపొద్దు క్రసాంట్లు

చంద్రగిరి,
గురువారం.

ధరణీ,

ఫోనులో చెబితే పక్కనే ఉండే మా అత్త వింటుందని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు వేసవి సెలవుల్లో వచ్చి నేర్పిన ఆ పొరల పొరల ఫ్రెంచి వెన్న రొట్టెలు, క్రసాంట్లు, నా ప్రాణం తీస్తున్నాయి.

సరదాకి ఒక్కసారి చేద్దామనుకున్నాను. ఈ ఎండకి వెన్న కారిపోతుంటే పిండిని మడిచి ఫ్రిజ్‌లో పెట్టడం, తీసి వత్తడం, మళ్లీ పెట్టడం. రెండు రోజులు పట్టి, కాల్చేసరికి శనివారమైంది. శనివారం ఇంట్లో గుడ్డు ముట్టం కదా, నువ్వు పైన పూయమన్న గుడ్డు సొనకు బదులు పాలే పూశాను. అత్తకు ఒక్కపొద్దు. మామ పోయినప్పటి నుంచి శనివారం సాయంత్రం సగం చపాతీ తిని లేచిపోయేది. ఆ రోజు మాత్రం "దీంట్లో బియ్యం లేదు గదా?" అని అడిగి ఒకటి తింది. ఇంకొకటి పెట్టమంది.

ఇది అయిదో వారం. గురువారం తెల్లవారితే "ఏమ్మే, పిండి కలిపినావా?" అంటుంది. బడిలో పిల్లలతో అరిచి వచ్చి, ఈ పిండి వత్తలేక నా రెక్కలు పడిపోతున్నాయి. అందులో గుడ్డు పడుతుందని నువ్వొక్క అబద్ధం చెబితే అత్త మానేస్తుంది. అది అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇంతవరకూ రాసేసరికి అత్త వచ్చి పక్కన కూర్చుంది. "మీ మామ ఉంటే నాలుగు తినేవోడమ్మా. ఈ శనివారం ఆయన పటం ముందర నాలుగు పెడదాం" అంది. ఏడాదిగా ఆయన మాటే ఎత్తని మనిషి.

గుడ్డు మాట చెప్పొద్దులే. వెన్న కరగకుండా ఏదైనా ఉపాయముంటే రాయి. ఈ వారం నాలుగు ఎక్కువ చేయాలి.

నీ అక్క