ఎవరెస్టు చూసొచ్చినదానికి

సుశీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఏడుస్తూ రాస్తున్నాననుకోకు, ఒళ్ళు మండి రాస్తున్నాను. నా మనవరాలు లావణ్య ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా నడిచి, నిన్ననే అవనిగడ్డ తిరిగొచ్చింది. ఫోనులో ఫోటోలు చూపించింది. మంచుకొండల ముందు, ఒక రాయికి ఆనించి, నీ ఫోటో! ఆ జరీ అంచు చీరా, ఆ నవ్వూనూ. అంత చలిలో ముక్కు కూడా ఎర్రబడలేదు నీకు.

హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పింది నేను. బోర్డు మీద హిమాలయాలు గీసి గీసి చెయ్యి నొప్పెట్టింది నాకు. నువ్వు అదే స్కూల్లో లెక్కల టీచరువి. కృష్ణ కరకట్ట ఎక్కడానికే రెండుసార్లు ఆగేదానివి.

"నా మనవరాలివై ఉండి దాన్నెందుకు మోసుకెళ్ళావే?" అని అడిగాను.

"నేను ఎవరెస్టుకి వెళ్తానన్నప్పుడు సుశీలమ్మమ్మ 'నన్నూ తీసుకెళ్ళవే' అని అడిగింది కదా అమ్మమ్మా. నువ్వేమో పక్కనే కూర్చుని, 'ముసలిదానికి ఎవరెస్టు కావాలట!' అని నవ్వావు."

నవ్వాను, నిజమే. 'నన్నూ తీసుకెళ్ళవే' అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగింది, నువ్వు టక్కున అనేశావు. ఏం కావాలన్నా సిగ్గుపడకుండా అడిగేస్తావని నువ్వంటే నాకు మొదటినుంచీ కుళ్ళే.

అందుకే ఇవాళ పొద్దున నేనూ అడిగేశాను.

"వచ్చేసారి నన్నూ తీసుకెళ్ళవే. ఫోటోగా కాదు, ఈ మోకాళ్ళతో సహా."

లావణ్య నవ్వలేదు. నా పాదాల వంక చూసి, "బూట్లు ఏ సైజు పడతాయి అమ్మమ్మా?" అంది.