కారంలో మిగిలిన గింజలు

ఆషాఢ శుద్ధ తదియ

మా అబ్బాయి రాఘవ నోటుబుక్కులో మిగిలిన కాయితాల మీద రాస్తున్నాను. వాడు పోయి నెల. గుంటూరు కాలేజీలో అర్థశాస్త్రం చదువుతూ సెలవులకొచ్చాడు. జ్వరం… మూడు రోజులు. నా రాత వంకర. వాడి రాత పక్కన పెట్టాలంటే సిగ్గు.

పంచమి

వాడి అర్థశాస్త్రం పుస్తకంలో, నాకు చదివి వినిపించిన పేజీ దొరికింది. దేశాలకి మెట్లుంటాయట. మనది కింది మెట్టట. "మన చేను చూడకుండానే వెనకబడినవాళ్లని రాశాడే అమ్మా." — "వాణ్ణొచ్చి ఒక్క పూట మన చేలో ఎద్దుల్ని కట్టి గుంటక తోలమను" అన్నాను. పగలబడి నవ్వాడు. కింద పెన్సిలుతో రాసుకున్నాడు — ఈ మెట్లు ఎవరు కట్టారు? ఎవరి కాళ్ల కొలతకి?

సప్తమి

గ్రామసేవక్ గారొచ్చారు. బ్లాకు ఆఫీసులో కొత్త మిరప విత్తనం ఇస్తారట. "పాతది పట్టుకు కూర్చుంటే దేశం ముందుకెట్లా పోద్ది పిన్నిగారూ?" మా అబ్బాయి దాచినవున్నాయండీ అన్నాను. మంచి చెట్లకి గుడ్డపీలికలు కట్టి, మొదటి కోతలో ఆ కాయలే ఏరి ఉట్టిలో పెట్టాడు. ఈ ఏడు నారు వాటితోనే.

అష్టమి

ఉట్టి ఖాళీ.

నవమి

తోడికోడలు రత్తమ్మని అడిగాను. వాడి పెద్దకర్మ నాడు వంటకి కారం చాల్లేదట. "ఎర్రగా నిగనిగలాడతంటే దంచేశానక్కా. విత్తనమని నాకేం తెలుసు?" ఏడ్చింది. దాన్నేమంటాను? ఆ రోజు కూర బాగుందన్నారు అందరూ. నేనూ తిన్నాను.

ఏకాదశి

జాడీ అడుగున కాస్త కారం ఉంది. జల్లెడ పట్టాను. రోకలి దెబ్బ తప్పించుకున్న గింజలు — గుప్పెడు లేవు. కళ్ల వెంట నీళ్లు. కారం ఘాటు కదా… ఎవరూ ఏమీ అడగలేదు.

పౌర్ణమి

బూడిదలో కలిపి మడిలో చల్లాను. పైన తాటాకు. రాఘవా, నీళ్లు పట్రా — నోటిదాకా వచ్చింది. కాదు, అనేశాను.

బహుళ షష్ఠి

మడిలో ఇంకా ఏమీ మొలవలేదు. గ్రామసేవక్ గారు కొత్త విత్తనం పొట్లం ఇచ్చి వెళ్లారు. చెడ్డవాడు కాదు. "అదును దాటితే చేను బీడేనండీ." పొట్లం విప్పలేదు. పారేయనూ లేదు. రాఘవ కొత్తది వద్దని ఎన్నడూ అనలేదు. మనల్ని ఒక్క మాట అడగరేం అనేవాడు, అంతే.

నవమి

రత్తమ్మ — "రేపన్నా పొట్లం విప్పక్కా." ఊఁ అన్నాను.

సాయంత్రం తాటాకు ఎత్తి చూశాను. ఒక మూల ఒకటే మొలక. రెండు ఆకులు. మిరపైనా తోటకూరైనా మొదట ఇట్లాగే… నా కళ్లకి తేడా ఆనడంలేదు. పీకి వాసన చూస్తే తెలుస్తుంది. పీకకుండా చెప్పేది వాడొక్కడే.

చెంబుతో నీళ్లు చిలకరించి, తాటాకు కప్పి వచ్చాను.