నోటికి అడ్డం కొంగు

పూణె

తమ్ముడు నర్సిములుకు అక్క అంజమ్మ దీవెనలు. బాపుకు, అమ్మకు శనార్థులు. ఇక్కడ నేను, మీ బావ మంచిగనే ఉన్నం, మా గురించి ఫికర్ చెయ్యకుండ్రి. బాపు మోకాళ్ల నొప్పులు తగ్గినయా? కోస్గిల వానలు పడ్డయా?

ఫోన్ ఉండంగ ఉత్తరమెందుకని నవ్వకు. ఫోన్ల నాకు నీ మాట వినపడదు, నీకు నా కోపం వినపడదు. కూసొని నిమ్మళంగ చదువు.

ఇక్కడ వాన వదలట్లేదు. బండలు కోసే మిషిన్ పక్కనే నా పని. ఉన్న కాస్త చెవులు దానికే పోయినయ్. దవాఖానల ఇచ్చిన చెవి మిషిన్ పెట్టుకుంటె ఇంక అన్నీ వినపడుతయని నీ లెక్క. వినపడుతది. తట్ట పడ్డా, కుక్క మొరిగినా, పక్కింటోళ్లు కొట్లాడినా అన్నీ ఒక్కతీరుగ వినపడుతయ్. మాట మాత్రం మనిషి మొఖం చూస్తేనే తెలుస్తది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?

మా మేస్త్రి మొదట్ల ఎనుకనుంచి ఒర్రేటోడు. పలకకపోతే పొగరనుకునేటోడు. ఒకనాడు ఎదురుంగ పోయి చెప్పిన: "భుజం తట్టు, ముందటికొచ్చి మెల్లగ చెప్పు, ఒర్రకు" అని. అప్పటిసంది అట్లనే చెప్తున్నడు. ఊరుగాని ఊరోనికి వచ్చిన తెలివి తోడబుట్టినోనికి రాకపాయె. నువ్వేమో ఒర్రుతవ్. నేను "ఏంది?" అంటే "ఏం లేదు తియ్" అంటవ్. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది. ఏం లేకపోతే నోరెందుకు తెరిచినవ్ మరి?

ఇగ అసలు సంగతి. శిరీషను బడి కోసమని మీ దగ్గర ఉంచి వచ్చినం కదా. ఆదివారం వీడియో కాల్ చేస్తే పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని నన్నే చూసుకుంట కూసుంటది. అమ్మకు చెవుడు, చెప్పి లాభం లేదని ఎవరన్న అన్నరేమో, అందుకే మాట్లాడట్లేదనుకున్న. లోపల లోపల ఏడ్చుకొని, చెయ్యి ఊపి పెట్టేసేదాన్ని.

మొన్న మీ బావ పక్కన కూసున్నడు. నా భుజం తట్టి, "బిడ్డ గంత అడుగుతాంది, పలకవేందే?" అన్నడు. నేను బిత్తరపోయిన. పిల్ల మాట్లాడుతనే ఉన్నదట! ఆ చప్పుడు మీ టీవీది అనుకున్న నేను. నీ భార్య సుజాత, పెద్దాడబిడ్డనని, నాతో మాట్లాడినప్పుడల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటది. అత్తను చూసి పిల్ల నేర్చుకున్నది. మర్యాదట! పెదవులు కనపడకపోతే నాకు మాటెక్కడిది? నేను తేరుకునేలోపల నువ్వు ఫోన్ గుంజుకొని పెట్టేసినవ్. మీ బావ మళ్ల చేసి పిల్ల బాధ చెప్తే "చిన్నపిల్ల, ఏదో అంటది తియ్ బావా" అన్నవట.

సుజాతను కోపం చెయ్యకు, దాని మనసు మంచిది. నా ముందు కొంగు భుజం మీదనే ఉంచమను. పిల్ల మొఖం మీద వెలుగు పడేటట్టు కూసోబెట్టు, దర్వాజల వెలుగుకు అడ్డంగ కూసోబెడితే మొఖం నల్లగ కనపడుతది. టీవీ బందు పెట్టు. అందరు ఒక్కసారి మాట్లాడకుండ్రి. నాకు సమజ్ కాకపోతే అదే మాట పట్టుకొని ఒర్రకుండ ఇంకో తీరు చెప్పుండ్రి.

మనోళ్లెవరన్న ఇటు వస్తే పండు మిరపకాయ తొక్కు పంపు. బాపును, అమ్మను నన్ను దీవించుమను.

పిల్ల ఏమడిగిందో మీ బావ చెప్పనన్నడు. బతిమిలాడితే చెప్పిండు. "అమ్మా, నా మీద కోపమొచ్చిందా? ఎందుకు పలుకుతలేవు?" అని అడిగిందట. ఎన్ని ఆదివారాలసంది అడుగుతున్నదో. ఈ ఉత్తరం అందినంక వచ్చే ఆదివారం నా బిడ్డ నోరు నాకు కనపడాలె. నేను పలకాలె.

ఇట్లు,
నీ అక్క
అంజమ్మ