బావ చీటీ మీద నా ఊపిరి

అక్కా, నేను బాగానే ఉన్నాను. బావ ఆసుపత్రిలో ఉన్నాడు. కంగారుపడొద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా రాళ్ల మిల్లులో ఏటా ఊపిరి పరీక్ష పెడతారు. గొట్టంలో గట్టిగా ఊదాలి. కాంపౌండరు చీటీలో నంబరు చూస్తాడే గాని మనిషి ముఖం చూడడు. "నేను ఊదితే పనిలోంచి తీసేస్తార్రా, నాది కూడా నువ్వే ఊదెయ్" అని బావ అడిగితే మూడేళ్లూ నేనే ఊదాను. ఈసారి కొత్త డాక్టరమ్మ నేరుగా బావ చేతికే గొట్టం ఇచ్చింది. గొట్టం మీది ముల్లు కదల్లేదు. మొదటి ఏడే తెలిసుంటే దుమ్ము లేని పనికి మార్పించి ఇంతదాకా రానిచ్చేవాళ్లం కాదు అంది.

నన్ను తిట్టాలనుంటే ఇక్కడికొచ్చి తిట్టు. వచ్చేటప్పుడు బావ కళ్లజోడు, మెత్తటి దుప్పటి తీసుకురా. వంటింటి పైకప్పు కారడం ఆగిందా అని అడుగుతున్నాడు. మీ అత్తగారికి నమస్కారాలు, ఆమెకు అప్పుడే ఏమీ చెప్పకు.

ఇంకొకటి. నెలనెలా బావ మూటకట్టి తెచ్చిన మిల్లు దుమ్ము బట్టలు ఇన్నేళ్లూ దులిపి ఉతికింది నువ్వే. పోయిన కార్డులో నీ దగ్గు తగ్గలేదని రాశావు. డాక్టరమ్మకు చెప్పి ఉంచాను. నీ గొట్టం మాత్రం నేను ఊదను, అక్కా.

నీ తమ్ముడు